సర్వర్ రూములో కూర్చుని కొలవద్దు అల్లుడూ

కడప

అల్లుడూ,

వర్చువల్ డెస్క్‌టాప్‌ల టెస్టింగు నీకే అప్పగించారని వదిన ఫోన్‌లో చెప్పింది. బ్రాంచీల్లో ఉన్న పాత కంప్యూటర్లు తీసేసి అందరి డెస్క్‌టాప్‌లూ హైదరాబాద్‌లో సర్వర్ల మీద నడుపుతారట. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, ఒక్కో సర్వర్ మీద ఎంతమందిని పెట్టవచ్చో నువ్వు తేల్చి సంతకం పెట్టాలట. మన ఇళ్ళలో ఈ సర్వర్ల పనిలోకి మొదట వచ్చింది నేను, తర్వాత నువ్వే. కొంచెం గర్వంగానే ఉంది, ఉండనీ. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపిస్తావు.

నీకు తెలిసినవి మళ్ళీ చెప్పను. రెండు సాఫ్ట్‌వేర్లను పోల్చేటప్పుడు విండోస్ ఇమేజ్ (అందరికీ వేసే విండోస్ నకలు), యాంటీవైరస్, స్క్రీన్ రిజల్యూషన్ అన్నీ ఒకటే ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చు. ప్రతి పరీక్షా ఒకటికి నాలుగుసార్లు నడుపు, రీస్టార్ట్ చేశాక వచ్చే మొదటి ఫలితాన్ని విడిగా రాసుకో. అంతే.

నేను పనిచేసిన ఒక ఆఫీసు సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పేరు వద్దులే. విండోస్ సర్వర్ 2008 నాటి మాట. కౌంటర్లలో కంప్యూటర్లు పోయి చిన్న థిన్ క్లయింట్ డబ్బాలు వచ్చాయి (సర్వర్ మీది డెస్క్‌టాప్‌ను చూపించడమే వాటి పని), సర్వర్లు హెడ్డాఫీసులో పెట్టారు. టెస్టింగుకు బయటినుంచి ఒకాయనను పిలిపించారు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడే. ఎవరికీ అడ్డు రాకూడదని ఆదివారం పెట్టుకున్నాడు. సర్వర్ రూములో ఏసీ కింద కూర్చుని స్క్రిప్టుతో ఉత్తుత్తి యూజర్లను నిదానంగా, ఒకరి తర్వాత ఒకరిని లాగిన్ చేయించాడు. వాళ్ళు నోట్‌ప్యాడ్ తెరిచారు, నాలుగు లైన్లు కొట్టారు, చిన్న ఎక్సెల్ షీటు తెరిచి మూశారు. టైమంతా సర్వర్ లోపలి గడియారంతోనే తీశాడు. తెల్లవారుజామున ఏడు రోడ్ల కూడలి దగ్గర స్కూటర్ తిప్పి కడపలో ట్రాఫిక్కే లేదని రాసినట్టుంది ఆ వ్యవహారం. రిపోర్టు మాత్రం రంగురంగుల గ్రాఫులతో వచ్చింది. మేనేజర్లు దాన్ని బైండింగ్ చేయించుకున్నారు.

సోమవారం పొద్దున అన్ని కౌంటర్లూ ఒకేసారి తెరిచారు. అందరి ప్రొఫైళ్ళూ, అంటే ఎవరి సెట్టింగులు, ఫైళ్ళు వాళ్ళకు, ఒకేసారి లోడ్ కావాలి, యాంటీవైరస్ అప్పుడే నిద్ర లేచింది. దీన్నే మీరు లాగిన్ స్టార్మ్ అంటారు. అది అందరి కళ్ళ ముందూ జరిగింది కాబట్టి త్వరగానే సర్దుకున్నారు, స్టాఫ్‌ను పావుగంట ముందు రమ్మన్నారు. ఎవరికీ కనబడనిది తర్వాత మొదలైంది.

నెల మొదటి వారం. బయట ఎండలో జనం లైను. క్యాష్ కౌంటర్‌లో ఒక చిన్న పిల్ల ఉండేది, అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరింది. రసీదు కొట్టి ఎంటర్ నొక్కుతుంది, స్క్రీన్ కదలదు. అద్దం అవతల మనిషి అరుస్తుంటాడు. మళ్ళీ నొక్కుతుంది. నాలుగు సెకన్ల తర్వాత రెండు నొక్కులూ కలిసి సర్వర్‌కు చేరతాయి, ఒకే రసీదు రెండుసార్లు పోస్ట్ అవుతుంది. సాయంత్రం టాలీ చేస్తే సిస్టమ్ చూపించినంత డబ్బు డ్రాయర్‌లో లేదు. "నేను ఒక్కరి దగ్గరే తీసుకున్నాను మేడం" అని ఏడ్చింది. నేను హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను, రాసి పంపాను. జవాబుగా ఆ రిపోర్టులో ఒక పేజీ జెరాక్స్ వచ్చింది. సగటున పావు సెకనులో స్పందిస్తున్న సిస్టమ్ మీద నింద వేయొద్దన్నారు. తక్కువ పడిన డబ్బు ఆ పిల్ల జీతంలో కోశారు. మరుసటి నెలా అంతే. మూడో నెలకు ఆ పిల్ల రాలేదు. తర్వాతెప్పుడో నెట్‌వర్క్ లైను మార్చారు, సర్వర్లు పెంచారు. కోసిన డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఆ పావు సెకను అబద్ధం కాదు, అదీ నా బాధ. నువ్వే వేసి చూడు. 100 నొక్కుల్లో 95కు 50 మిల్లీసెకన్లు, మిగతా 5కు 4 సెకన్లు పట్టిందనుకో. సగటు పావు సెకనే వస్తుంది. 95వ పర్సెంటైల్, అంటే 100లో 95 నొక్కులు ఎంత టైములోపు అయ్యాయో, అది చూశానని మురిసిపోకు, అక్కడా 50 మిల్లీసెకన్లే కనిపిస్తుంది. 99 దాకా వెళ్ళు, అన్నిటికంటే పాడు నొక్కు ఏదో కూడా రాయి. మనిషికి పదో వంతు సెకనులోపు జరిగింది వెంటనే జరిగినట్టు ఉంటుందనీ, ఒక సెకను దాటితే ఆలోచన తెగుతుందనీ జాకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. కౌంటర్‌లో అయితే ఆలోచన తెగడంతో ఆగదు, చెయ్యి మళ్ళీ ఎంటర్ మీదికి పోతుంది.

లాగిన్ వీఎస్ఐ లాంటి సాఫ్ట్‌వేర్ వాడతావేమో, వాడు. ఉత్తుత్తి యూజర్లను పెంచుకుంటూ పోయి సర్వర్ ఎక్కడ చతికిలబడుతుందో వీఎస్ఐ మ్యాక్స్ అని ఒక అంకె ఇస్తుంది. సర్వర్ ఓపిక తెలుసుకోవడానికి మంచిదే. విండోస్ సర్వర్ 2019 నుంచి యూజర్ ఇన్‌పుట్ డిలే అనే కొలత (పెర్ఫార్మెన్స్ కౌంటర్) కూడా వచ్చింది. నొక్కు క్యూలో పడ్డాక ప్రోగ్రామ్ అందుకునేదాకా ఎంతసేపు పట్టిందో అది చెబుతుంది. అయితే ఆ నొక్కు ప్రొద్దుటూరు బ్రాంచీ నుంచి హైదరాబాద్ చేరడానికీ, స్క్రీన్ బొమ్మ తిరిగి రావడానికీ పట్టిన టైము అందులో ఉండదు. పైగా సర్వర్ మీద బరువు పెరిగినప్పుడు వర్చువల్ మిషన్ (సర్వర్ లోపల విడి కంప్యూటర్‌లా నడిచేది) లోపలి గడియారాన్నే పూర్తిగా నమ్మలేం.

అందుకని బయటి గడియారం పెట్టు. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటుంది కదా, సెకనుకు 240 ఫ్రేములు. వేలూ స్క్రీనూ రెండూ కనబడేలా పెట్టి వీడియో తియ్యి. కీ కిందికి దిగిన ఫ్రేము నుంచి అక్షరం కనబడిన ఫ్రేము దాకా లెక్కపెట్టు, ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. విసుగు పని. చెయ్యి.

ఇక లైను. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 400 కిలోమీటర్ల దూరానికి రానుపోను 4 మిల్లీసెకన్లే. కానీ లైను నేరుగా వెళ్ళాలని ఎక్కడా లేదు, చెన్నై తిరిగి వెళ్ళినా వెళ్ళొచ్చు. బ్రాంచీలో వారం రోజులు పింగ్ (చిన్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, పంపి తిరిగొచ్చే టైము చూసేది) నడిపి ఆలస్యం, దాని హెచ్చుతగ్గులు, ప్యాకెట్ నష్టం రాసుకో. ఆ అంకెలనే ల్యాబ్‌లో లైనక్స్ నెట్‌ఎమ్‌తో (ఆలస్యం, నష్టం కావాలని పుట్టించే సాధనం) పెట్టి పరీక్షించు, ఊహించి పెట్టొద్దు. మీరు చూసేవాటిలో మైక్రోసాఫ్ట్‌ది ఉంటే ఇంకో తిరకాసు ఉంది. దూరంగా ఉన్న డెస్క్‌టాప్‌ను చూపించే వాళ్ళ పద్ధతి ఆర్‌డీపీ, 2012లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి యూడీపీ (పోయిన ప్యాకెట్ కోసం ఆగని రవాణా) మీద కూడా నడుస్తోంది, ప్యాకెట్లు పోయే లైనులో అదే మేలు. బ్రాంచీ ఫైర్‌వాల్‌లో యూడీపీ మూసి ఉంటే మాట్లాడకుండా టీసీపీకి (పోయిన ప్యాకెట్ వచ్చేదాకా ఆగేది) దిగిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. ల్యాబ్‌లో ఒకటి కొలిచి బ్రాంచీకి ఇంకొకటి ఇచ్చినట్టవుతుంది. పై పట్టీలో సిగ్నల్ గీతల మీద నొక్కితే యూడీపీ ఉందో లేదో చెబుతుంది, ప్రతి బ్రాంచీలోనూ చూడు.

ఎండాకాలం మన దగ్గర కరెంటు సంగతి నీకు చెప్పాలా? పోయి వచ్చిందంటే బ్రాంచీ అంతా ఒకేసారి మళ్ళీ కనెక్ట్ అవుతుంది. అదీ కొలువు. ప్రింటర్ మర్చిపోతావు, నాకు తెలుసు, అందరూ మర్చిపోతారు. రసీదు కాగితం బయటికి వచ్చేదాకా కొలువు.

చివరికి ఆ సీట్లో కూర్చునేవాళ్ళ చేత రెండు సిస్టమ్‌లూ వాడించు, ఏది ఏదో చెప్పకుండా. మేనేజర్ పక్కన ఉంటే "బాగుంది సార్" అనే అంటారు, ఆయన్ను టీకి పంపించెయ్. నువ్వు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని వాళ్ళ చేతులు చూడు. ఒకే కీని రెండుసార్లు ఎన్నిసార్లు నొక్కారో గీతలు గీసుకో. నీ రిపోర్టులో మొదటి పేజీలో ఉండాల్సింది ఆ లెక్క.

"ఒక సర్వర్‌కు ఇంతమంది" అని ఒట్టి వాక్యం రాయొద్దురా. ఏ పని చేస్తూ, ఏ లైను మీద, ఏ టైములో ఇంతమంది, అన్నీ అదే వాక్యంలో ఉండాలి, విడదీసి జెరాక్స్ తీయడానికి వీల్లేకుండా. అంకె కొంచెం పెంచమని పైనుంచి ఎవరైనా అడిగితే ఆ మాట మెయిల్‌లో రాయమను. చిన్నప్పటి నుంచీ నువ్వు ఎవరికీ కాదని చెప్పలేవు, నా భయమంతా అదే. ఉద్యోగం పోతే ఇంకొకటి వస్తుంది, తిండికి లోటు లేదు మనకు.

ప్రొద్దుటూరు బ్రాంచీ టెస్టింగు నెల మొదటి వారంలో పెట్టుకో. లాడ్జీలో దిగావో, మీ మామ ఊరుకోడు. మన ఇంట్లోనే ఉండు, పొద్దున్నే బస్సు ఉంటుంది. టిఫిన్ చేయకుండా వెళ్తానంటే మాత్రం తలుపు తియ్యను. ఫోన్ నిలబెట్టడానికి స్టాండ్ కొనకు, మీ మామ ఒకటి తెచ్చి ఊరికే పెట్టుకున్నాడు, నువ్వు అడిగితే సంబరపడతాడు. రిపోర్టు చిత్తు ప్రతి ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అత్త