స్ట్రాప్-ఆన్ హార్నెస్ జారిపోతోంది, ఒరుసుకుంటోంది, పెద్ద సైజు కొనాలా?

మీరు రాసింది బట్టి నాకు అర్థమైంది ఏంటంటే, మొదటిసారి హార్నెస్ (అంటే సెక్స్ టాయ్‌ని తుంటికి కట్టుకునే పట్టీల బెల్ట్) కొన్నారు, వేసుకున్న కాసేపటికే కిందికి జారుతోంది, టాయ్ తల వాల్చేస్తోంది, తొడల సందుల్లో ఒరుసుకుని మండుతోంది, అందుకని ఇంకో పెద్ద సైజుది కొందామనుకుంటున్నారు. ఆగండి, పెద్దది కొంటే ఇంకా జారుతుంది. నేనూ నా పార్ట్‌నరూ చాలాకాలంగా వాడుతున్నాం, రకాలు కూడా మార్చి చూశాం, నాకు తెలిసినంతలో ఇలాంటి ఇబ్బందుల్లో ఎక్కువ భాగం బెల్ట్ సైజు వల్ల రావు, రింగ్ వల్లా కట్టుకునే ఎత్తు వల్లా వస్తాయి.

ముందు రింగ్ సంగతి చూడండి. టాయ్‌ని పట్టి ఉంచేది ముందున్న ఆ ఓ-రింగే, ఎక్కువగా 1.25, 1.5, 1.75, 2 అంగుళాల సైజుల్లో వస్తుంది. టాయ్ అడుగున వెడల్పుగా ఉండే బేస్‌కి సరిగ్గా పైన, అంటే రింగ్ కూర్చునే చోట, టేపుతో చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి. ఉదాహరణకి 4.7 అంగుళాలు వచ్చిందంటే మీకు 1.5 రింగ్ కావాలి. బిగుతుగా దూరాలి, దూరాక ఊగకూడదు, బేస్ మాత్రం రింగ్ కన్నా బాగా వెడల్పు ఉండాలి, లేకపోతే మధ్యలో ఊడి బయటికొచ్చేస్తుంది. రబ్బరు, సిలికాన్ రింగులు కొంచెం సాగుతాయి, మెటల్ రింగ్ అస్సలు సాగదు కాబట్టి కొలత ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నా సలహా అయితే ప్రెస్ బటన్లతో రింగ్ మార్చుకునే వీలున్న హార్నెసే తీసుకోండి, రింగ్ కుట్టేసి ఉన్నవి ఒక్క సైజు టాయ్‌కే పనికొస్తాయి.

ఇక ఎత్తు. చాలామంది రింగ్‌ని మరీ కిందకి పెట్టుకుంటారు, అక్కడ వెనకాల ఆనుకోడానికి గట్టిగా ఏమీ ఉండదు కాబట్టి టాయ్ వాలిపోతుంది. పొత్తికడుపు కింద చేత్తో నొక్కితే గట్టిగా తగిలే ఎముక ఉంటుంది చూడండి, బేస్ దానిమీద కూర్చోవాలి, మీకు సహజంగా అనిపించే చోటు కన్నా కొంచెం పైకే అనిపిస్తుంది, పర్లేదు. నిలబడి వేసుకుని ముందు తుంటి చుట్టూ ఉండే పట్టీ బిగించండి, తర్వాత కాళ్ళ పట్టీలు పిరుదుల కింద మడత దగ్గరికి తెచ్చి రెండువైపులా ఒకేలా లాగండి, ఒకవైపు ఎక్కువ లాగితే రింగ్ పక్కకి తిరిగిపోతుంది. నాలుగడుగులు నడిచి, ఒకసారి సగం కూర్చుని లేచి మళ్ళీ బిగించండి, ఎందుకంటే మొదటిసారి బిగించినప్పుడు పట్టీలు ఇంకా వాటి చోట్లో సర్దుకోవు. పట్టీ కింద వేలు దూరాలి. తిమ్మిరి ఎక్కినా, చీమలు పాకినట్టున్నా వెంటనే వదులు చెయ్యండి, అయిపోయేదాకా ఓర్చుకుందాం అనుకోవద్దు.

ఒరుసుకోవడం గురించి, అది ఎక్కువగా నైలాన్ పట్టీ అంచుల వల్ల వస్తుంది. లోపల పల్చటి కాటన్ షార్ట్స్ వేసుకుంటే సగం తగ్గిపోతుంది, షేవ్ చేసిన రోజు మాత్రం హార్నెస్ వేసుకోకండి, ఆ మంట వేరే లెవెల్. రింగ్ వెనకాల మెత్తటి ప్యాడ్ లాంటి గుడ్డ ఉండాలి, లేకపోతే రింగే ఎముకకి నొక్కుకుని నొప్పి పుడుతుంది. బకిల్ తగిలిన చోటే దురద, ఎర్రటి మచ్చలు వస్తున్నాయంటే నికెల్ పడట్లేదేమో అని కూడా చూసుకోండి, అప్పుడు ప్లాస్టిక్ బకిల్ ఉన్నది మేలు.

రకాల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కాళ్ళ మధ్యలోంచి ఒకే పట్టీ పోయేది కొందరికి నచ్చుతుంది, నాకు చిరాకు. రెండు కాళ్ళ పట్టీలున్నది బాగా కదలకుండా ఉంటుంది. అండర్‌వేర్ లాంటివి ఒంటికి హాయిగా ఉంటాయి కానీ గుడ్డ సాగుతుంది కాబట్టి బరువైన టాయ్ పెడితే వాలిపోతుంది. అన్నట్టు బరువు గురించి ఎవరూ చెప్పరు, మొదట చిన్నది, తేలికైనది తీసుకోండి, ఎంత ఖరీదైన హార్నెసైనా పెద్ద బరువైన టాయ్‌ని సరిగ్గా నిలబెట్టలేదు.

వాడేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది, వేసుకున్నవాళ్ళకి టాయ్ ఎంత లోపలికి వెళ్తోందో, ఎక్కడ గుచ్చుకుంటోందో తెలీదు. అందుకే స్పీడు, లోతు రెండూ అవతలివాళ్ళ చేతిలో ఉండాలి. మేమైతే మొదట్లో తను టాయ్ మొదలు దగ్గర చేత్తో పట్టుకుని తనే దారి చూపిస్తుంది, నేను కదలకుండా ఉంటాను, ఇద్దరికీ అలవాటయ్యాకే నేను కదులుతాను. నొప్పంటే ఆపాలి, రక్తం కనిపిస్తే ఆపాలి, అందులో బేరాల్లేవు. వెనక, అంటే మలద్వారంలో అయితే లూబ్ (జారడానికి రాసుకునే జెల్) ఎక్కువ కావాలి, తిమ్మిరెక్కించే క్రీములు మాత్రం వాడకండి, నొప్పి తెలియకపోతే గాయమవుతున్నట్టు కూడా తెలీదు. వెనక వాడినదాన్ని కండోమ్ మార్చకుండా లేదా కడగకుండా ముందు వాడొద్దు, ఇన్ఫెక్షన్ ఖాయంగా పిలిచినట్టే.

లూబ్ వాటర్ బేస్డ్ తీసుకుంటే దేనితోనూ గొడవ ఉండదు. సిలికాన్ లూబ్ సిలికాన్ టాయ్ పైపొరని జిగటగా చేసేస్తుంది కొన్నిసార్లు, నూనె లాంటివి లేటెక్స్ కండోమ్‌ని పాడు చేస్తాయి. ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టే జెల్లీ టాయ్స్‌లో సన్నని రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా క్రిములు పూర్తిగా పోవు, అవి ఉంటే కండోమ్ వేసే వాడండి.

శుభ్రం చెయ్యడం అయితే, మోటారు లేని పూర్తి సిలికాన్ టాయ్‌ని కొన్ని నిమిషాలు నీళ్ళలో మరిగించొచ్చు, మోటారు ఉంటే గోరువెచ్చని నీళ్ళు, సబ్బు, అంతే. నైలాన్ హార్నెస్‌ని రింగ్ తీసేసి చేత్తో ఉతికి నీడలో ఆరెయ్యండి, కుట్ల దగ్గర చెమట పేరుకుంటుంది, వాసన వచ్చేది అక్కడినుంచే, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. సాగే గుడ్డ ఉన్నవాటికి బ్లీచ్, డ్రయ్యర్ వేడి రెండూ శత్రువులే. లెదర్‌ని నానబెట్టొద్దు, తడిగుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, అప్పుడప్పుడు లెదర్ కండిషనర్ రాయండి. లెదర్ పూర్తిగా క్రిమిరహితం అవదు, ఒకరిది ఇంకొకరు వాడకపోవడమే మంచిది.

మీ దగ్గరున్నది పారెయ్యకముందు రబ్బరు రింగ్‌ని వెలుతురులో కాస్త సాగదీసి చూడండి, సన్నని పగుళ్ళు కనిపిస్తే రింగ్ ఒక్కటి మారిస్తే చాలు. రింగ్ చుట్టూ కుట్లు వదులైతే మాత్రం ఇంక దాన్ని వాడకండి.