తిరుపతి నుంచి రోడ్డు సైకిల్ మీద పోవాలంటే చెరువు కట్టల దారి పట్టుకోండి

ఉద్యోగం మీద కొత్తగా తిరుపతి వచ్చాను, రోడ్డు సైకిల్ కొన్నాను, కొండలూ నీళ్ళూ చూసుకుంటా ట్రాఫిక్ లేని పల్లె రోడ్ల మీద తొక్కాలని ఉంది, ఎవర్ని అడిగినా చెన్నై హైవే అంటున్నారు, వేరే దార్లేమీ లేవా అని అడిగారు కదా. ఉన్నాయండీ, శానా ఉన్నాయి. నేను ఏడేళ్ళుగా ఆదివారం ఆదివారం ఇదే పని మీద ఉన్నా. మొదటి ఏడాది నేను కూడా హైవే మీదే తొక్కాను, రోడ్డు నున్నగా ఉంటుంది, స్పీడు వస్తుంది, అంతే. పక్కన లారీ పోయినప్పుడల్లా ఆ గాలికి సైకిల్ ఊగిపోతుంది, ఇంటికొచ్చినాక ఏం చూసొచ్చావని అమ్మ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మా వైపు ఏటా నిండుగా పారే నది లేదు, స్వర్ణముఖి కూడా వానలు పోయినాక ఇసకే. అందుకే పాతకాలం నుంచి రెండు కొండల మధ్య సందు దొరికితే చాలు, కట్ట వేసి నీళ్ళు ఆపేశారు. చెరువు ఉంటే దాని కింద మడి ఉంటుంది, మడి ఉంటే ఊరుంటుంది, ఊరికీ ఊరికీ మధ్య ఒక సన్న తారు రోడ్డు ఉంటుంది, దాని మీద పొద్దున పూట పాల క్యాన్ల బండీ ఒక ఆర్టీసీ బస్సూ తప్ప పెద్దగా ఏమీ తిరగవు. కాబట్టి మ్యాపు తెరవగానే ముందు నీలం మచ్చలు చూడండి, ఒక మచ్చ నుంచి ఇంకో మచ్చకి పోయే సన్న గీత ఏదుందో అదే మీ రూటు. నా దార్లన్నీ అట్లా దొరికినవే.

మొదట రాయలచెరువు పోండి. ఊరికి దక్షిణంగా బైపాస్ దాటి రామచంద్రాపురం రోడ్డు పట్టుకుంటే పోను అటూఇటూగా 20 కిలోమీటర్లు, కొత్తగా తొక్కేవాళ్ళకి సరిగ్గా సరిపోతుంది. చెరుకు తోటలూ మామిడి తోటలూ దాటుకుంటా పోతా ఉంటే కొండలు మెల్లగా దగ్గరికొస్తాయి, చివర్లో కట్ట ఎక్కగానే ఒక్కసారిగా నీళ్ళు కనిపిస్తాయి, అంత నీళ్ళు ఆ కొండల మధ్య ఉంటాయని కింద నుంచి వచ్చేవాళ్ళకి తెలియనే తెలియదు. కృష్ణదేవరాయల కాలంలో కట్టిందని మా వాళ్ళు చెప్తారు, అందుకే ఆ పేరు. కట్ట మీద సైకిల్ ఆపి ఒక పక్క చూస్తే కొండల దాకా నీళ్ళు, ఇంకో పక్క చూస్తే బాగా కిందకి వరి మళ్ళు, కొబ్బరి చెట్లు, ఊళ్ళు. ఆ తేడా కళ్ళతో చూస్తే గానీ 2021 నవంబర్‌లో మేమెంత భయపడ్డామో అర్థం కాదు. అప్పుడు వానలకి చెరువు నిండుకుండైపోయి కట్టకి లీకు పడింది, కింద ఊళ్ళన్నీ రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు, మా పిన్ని వాళ్ళు రెండు బట్టల మూటలతో మా ఇంటికి వచ్చేశారు, పిన్ని అన్నం తినకుండా ఫోను పట్టుకుని కూర్చుంది, ఆవుల్ని విప్పి వదిలేసి వచ్చామే అని ఒకటే ఏడుపు. ఇసక మూటలూ మట్టీ వేసి ఎట్లనో ఆపారు, కట్ట నిలిచింది, ఆవులు కూడా తిరిగొచ్చాయి. నేను ఇప్పటికీ ఆ కట్ట మీద దిగి కొంచెం దూరం నడిచే పోతా.

కాళ్ళకి బలమొచ్చినాక కార్వేటినగరం దారి చెయ్యండి, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. నేను సైకిల్‌ని కారు మీద పెట్టుకుని పుత్తూరు దాకా పోయి అక్కడ నుంచి మొదలుపెడతా, ఎందుకంటే తిరుపతి పుత్తూరు మధ్య మళ్ళీ హైవే తొక్కాల్సొస్తుంది. కార్వేటినగరంలో వేణుగోపాలస్వామి గుడి, స్కంద పుష్కరిణి తప్పకుండా చూడండి, పుష్కరిణి రాతి మెట్ల మీద పొద్దున్నే కూర్చుంటే చల్లగా ఉంటుంది, బాటిల్‌లో నీళ్ళు తాగి రెండు అరటిపండ్లు తినడానికి అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. దగ్గర్లోనే కుశస్థలి ఏటి మీద కట్టిన కృష్ణాపురం జలాశయం ఉంది. ఆ ఏరే కిందకి తమిళనాడు పోయి పూండి రిజర్వాయర్లో కలుస్తుంది, అంటే మద్రాసు వాళ్ళు తాగే నీళ్ళలో మన కొండల వాన కూడా ఉంది, నాకు ఆ మాట తలుచుకుంటే సంతోషంగా ఉంటుంది. అక్కడ నుంచి పడమరగా పెనుమూరు పోతే నీవా నది మీద కలవగుంట దగ్గర ఎన్టీఆర్ జలాశయం, ఇంకో పెద్ద నీళ్ళు. రానూ పోనూ కలిపి 90 కిలోమీటర్లు దాటుతుంది, రోడ్డు పొడుగునా చిన్న చిన్న ఎక్కుళ్ళూ దిగుళ్ళూ, ఏదీ కష్టమైన ఎక్కుడు కాదు కానీ అన్నీ కలిపితే సాయంత్రానికి తొడలు పట్టేస్తాయి.

ఆ రోడ్డు మీదే ఒక సంక్రాంతి దాటినాక జరిగింది చెప్తా, మీకు పనికొస్తుంది. ఆ రోజుల్లో ఉలవ కోతలు, రైతులు ఉలవ కట్టె రోడ్డు మీద పరిచేస్తారు, బస్సులూ ట్రాక్టర్లూ తొక్కితే గింజలు రాల్తాయి కదా. నేను దూరం నుంచి చూశాను గానీ సన్నగానే ఉంది పోవచ్చులే అని తొక్కుకుంటా పోయాను. పది గజాలు పోయానో లేదో తీగలు వెనక చక్రానికి చుట్టుకుని, గేర్లు మార్చే డీరైలర్లోకి లాక్కున్నాయి, చైను బిగుసుకుపోయింది, ఇంకొంచెం గట్టిగా తొక్కబోతున్నా. పక్కన చేట పట్టుకుని ఉన్న అవ్వ అరిచింది, "నాయనా దిగు, తొక్కబాకు, తెగిపోతాది!" అని. వచ్చి రోడ్డు మీద గొంతుకూర్చుని నడుముకి దోపుకున్న కొడవలి తీసి, మొనతో ఒక్కొక్క తీగనే లేపి కోసి లాగింది, చిన్న పళ్ళ చక్రాల మధ్య ఇరుక్కున్న దాన్ని గోటితో గిల్లి తీసింది, చైనుకి గీత కూడా పడలేదు. అయిపోయినాక చేతికంటిన గ్రీజు కొంగుకి తుడుచుకుని "ఈసారి ఎత్తుకోని దాటు నాయనా, ఇది నీ బండికి పడదు, మాక్కూడా గింజ పోతాది" అంది. నేను వాళ్ళ పంట మీద తొక్కుకుంటా వచ్చానని అప్పటిదాకా నాకు తోచనే లేదు. ఇప్పుడు ఉలవైనా వడ్లైనా రాగులైనా కనిపిస్తే దూరం నుంచే దిగి భుజాన వేసుకుని పక్కగా దాటతా, మీరూ అట్లే చెయ్యండి.

చంద్రగిరి వైపు కూడా బాగుంటుంది. తొండవాడ ముక్కోటి దగ్గర స్వర్ణముఖి, శ్రీనివాసమంగాపురం, చంద్రగిరి కోట, రంగంపేట మీదుగా కళ్యాణి డ్యాం, సగం పూటలో అయిపోతుంది, తిరుపతికి తాగే నీళ్ళు ఈ డ్యాం నుంచి కూడా వస్తాయి. కాకపోతే మదనపల్లి రోడ్డు మీద బండ్లు జాస్తి, తెల్లారకముందే ఆ ముక్క దాటేయండి. తలకోన అడుగుతారని తెలుసు, 270 అడుగుల జలపాతం, నెరబైలు దాటినాక అడవి రోడ్డు ప్రాణానికి హాయిగా ఉంటుంది, కానీ మధ్యలో భాకరాపేట ఘాట్ ఉంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోయేవాళ్ళ బస్సు లోయలో పడి శానా మంది పోయింది ఆ మలుపుల్లోనే. సైకిల్ మీద ఒంటరిగా వద్దు, నలుగురు కలిసి పోండి, దిగేటప్పుడు బ్రేకులు ముందే పట్టుకుంటా దిగండి. ఆ అడవుల పక్క పల్లెల్లోకి ఏనుగులు కూడా దిగుతుంటాయి, చీకట్లో ఆ దారి వద్దే వద్దు, ఊళ్ళో వాళ్ళు నిన్న గుంపు కనిపించింది అన్నారంటే మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

టైర్ల గురించి. కొత్త సైకిల్‌కి 25 ఎంఎం టైర్లు ఉంటే, ఫ్రేములో చోటుంటే 28 గానీ 32 గానీ వేయించుకోండి, గాలి కొంచెం తక్కువ పెట్టండి. చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్ళు రోడ్డంతా రాలి ఉంటాయి, రెండు ట్యూబులు జేబులో లేకుండా బయల్దేరొద్దు. ఇంకొకటి, రోడ్డు సైకిళ్ళ ట్యూబుకి గాలి కొట్టే చోట వచ్చేది ప్రెస్టా వాల్వ్ అనే సన్న రకం, పల్లెల్లో పంచరు అంగడి వాళ్ళ పంపు దానికి పట్టదు. ఆ పంపు పట్టేట్టు వాల్వ్‌కి బిగించే ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వేలెడంత కూడా ఉండదు, పది గ్రాములు కూడా తూగదు, అది లేక నేను ఒకసారి పచ్చికాపలం దగ్గర మిట్టమధ్యాహ్నం రెండు గంటలు వేపచెట్టు కింద కూర్చున్నా. కుక్కలు వెంటబడితే పారిపోబాకండి, దిగి సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని మెల్లగా నడవండి, నాలుగడుగులకి అవే ఆగిపోతాయి.

కాలం అంటే మనకి నవంబర్ నుంచి ఫిబ్రవరి. ఈశాన్య వానలకి చెరువులు నిండి ఉంటాయి, పొద్దున మంచు, జనవరి నుంచి మామిడి పూత వాసన దారంతా. జూన్, జూలైలో దామలచెరువు మండీల వైపూ గుజ్జు ఫ్యాక్టరీల వైపూ తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడి ఉంటాయి, ఆ రోడ్లు అప్పుడు పెట్టుకోబాకండి. ఏప్రిల్, మేలో తొక్కాలనుంటే ఎనిమిదికల్లా ఇంట్లో ఉండేట్టు చూసుకోండి, ఆ ఎండ మామూలుది కాదు.

ఈసారి వానలు తెరిపిచ్చిన మొదటి ఆదివారం ఐదున్నరకి బయల్దేరి రాయలచెరువుకి పోండి. కట్ట మీదకి రోడ్డు తెరిచి ఉందో లేదో కింద ఊళ్ళోనే టీ కొట్టు దగ్గర అడగండి, టీ తాగేలోపల వాళ్ళే అన్నీ చెప్తారు.