చాక్-ఎ-బ్లాక్ అంటే ఏమిటి? ఆ మాట ఎక్కడ పుట్టింది?

"పండక్కి స్టేషన్ అంతా చాక్-ఎ-బ్లాక్ అని ఇంగ్లీషు పేపర్లో రాశారు, ఇదేం మాట?" అని కదా మీ ప్రశ్న. కిక్కిరిసిపోవడం అని అర్థం. బ్లాక్ అనగానే అందరూ ట్రాఫిక్ బ్లాక్ అనుకుంటారు గానీ, ఇక్కడ బ్లాక్ అంటే కప్పీ అండీ. బరువులెత్తే కప్పీ.

ఓడల మీద ఒక కప్పీ పైన కట్టి ఉంటుంది, రెండోది బరువుతో పాటు పైకి లేస్తుంది. మధ్యలో తాడు నాలుగు పేటలు తిరిగితే బరువు దాదాపు నాలుగో వంతుకి తేలికవుతుంది. అడుగు ఎత్తాలంటే మాత్రం నాలుగడుగుల తాడు లాగాలి. అలా లాగగా లాగగా కింది కప్పీ వచ్చి పై కప్పీకి తగులుకుంటే ఇక అంగుళం కూడా లేవదు. ఆ స్థితినే 19వ శతాబ్దపు నావికులు చాక్-ఎ-బ్లాక్ అన్నారు. నిండుగా అని చెప్పే చాక్‌ఫుల్ అనే మాట అంతకు చాలా ముందే ఉంది, దాని వాసన కూడా దీనికి తగిలి ఉంటుంది.

నిఘంటువు తిరగేయకముందే నేను దీన్ని కళ్లారా చూశాను. కుర్రతనంలో విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రిపేరు షెడ్డులో ఉండేవాణ్ణి. ఒకరోజు బోటు ఇంజను ఎత్తి లారీలో పెట్టాలి. ఎవరో స్లింగు, అంటే ఇంజనుని కింది కప్పీకి వేలాడదీసే తాడు, పొడుగ్గా కట్టేశారు. ఇంజను లారీ అంచుకి జానెడు కిందుండగానే కప్పీలు రెండూ టక్కున తగులుకున్నాయి. తాడు కిర్రుమంటోంది, డీజిలు బొట్లు బొట్లుగా మా కాళ్ల మీద పడుతోంది. బోటు ఓనరేమో "జానెడే కదరా, ఇంకో ఇద్దరు పట్టండి" అని అరుపులు. మా మేస్త్రీ తాడు వదలకుండానే, "కప్పీ కప్పీ ముద్దెట్టేసుకున్నాయి బాబూ, ఇంకేటి లాగుతాం? తాడు తెగితే నీ ఇంజను నీ నెత్తి మీదకే" అన్నాడు. మళ్లీ దించి, స్లింగు పొట్టి చేసి ఎత్తేసరికి సాయంత్రమైంది.

ఇప్పటి క్రేన్లలో హుక్కు పైదాకా రాగానే మోటారు ఆపేసే లిమిట్ స్విచ్ ఉంటుంది. అది మాటిమాటికీ కూస్తోందని తీగతో కట్టి పక్కకి నెట్టేసే మహానుభావుల్నీ చూశాను. వాళ్లకో దండం.

అందుకే నాలుగు స్కూటర్లు ఆగితే చాలు ఈ మాట వాడేసే పేపర్ల మీద నాకు మంట. పక్కకి జరిగే చోటుంటే అది ఉత్త రద్దీ. సంక్రాంతికి సికింద్రాబాద్‌లో విశాఖ వైపు రైలు జనరల్ బోగీ చూడండి: లోపలివాడు బాత్రూముకి కదల్లేడు, బయటివాడు కాలు మోపలేడు, అయినా వెనకనుంచి "నెట్టండి నెట్టండి" అంటూనే ఉంటారు, అచ్చం మా బోటు ఓనర్లాగే. అక్కడ వాడితే ఒప్పుకుంటా. స్పెషల్ రైళ్లేమో జనం బస్సులకి మూడింతలు పోసి టికెట్లు కొనుక్కున్నాక ప్రకటిస్తారు, అది వేరే బాధ.

అన్నట్టు, బ్రిటిష్ నావికాదళంలో ఈ మాటనే చాకర్ అని కుదించి, "విసుగెత్తిపోయాను" అనడానికి వాడుకున్నారు. సామర్లకోట దాకా ఒంటికాలి మీద వచ్చినవాళ్లని అడగండి, ఆ అర్థం వాళ్లే బాగా చెబుతారు.