అల్లుడూ, వైరు లావు చూసి మోసపోకు

అల్లుడూ,

షాపులోకి మిక్సీ వైర్లు, ఐరన్ బాక్స్ వైర్లు కట్టలకి కట్టలు చవగ్గా వస్తున్నాయి తీసేసుకోనా మావయ్యా అన్నావు కదా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని టైప్ చేస్తున్నా, ఒక్క వేలితో కొడుతున్నా తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు ఒక వైరు అడ్డంగా కోసి చూడు. లావుగా ఉంటే గట్టి వైరనుకుంటారు జనం, చవక సరుకులో ఆ లావంతా ప్లాస్టిక్కే, లోపల నాలుగు వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. ఒక పోగు తీసి బ్లేడుతో గీకు. పైన ఎర్రగా ఉండి లోపల తెల్లగా వచ్చిందంటే అది అల్యూమినియం మీద రాగి పూత, అదే సైజు అసలు రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. అయస్కాంతం పెట్టాను అంటుకోలేదు కాబట్టి రాగే అని అమ్మేవాడు చూపిస్తాడు చూడు, నవ్వి ఊరుకో, అల్యూమినియం కూడా అంటుకోదు, అయస్కాంతంతో దొరికేది ఇనుప తీగ ఒక్కటే. దీనికి ఉల్టా కూడా ఉంది, పైన తెల్లగా ఉండి గీకితే ఎర్రగా వస్తే అది తగరం పూత వేసిన రాగి, మంచిదే, పారేయకు.

తర్వాత సైజు. 230 వోల్టుల మీద 750 వాట్ల మిక్సీ మూడు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది, దానికి అసలు రాగి 0.75 స్క్వేర్ ఎంఎం (అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం) హాయిగా సరిపోతుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ అయితే దాదాపు 8.7 ఆంపియర్లు, దానికి నేనైతే 1.5 వేస్తా, టాప్ (సాకెట్లో గుచ్చే ప్లగ్గు) కూడా 16 ఆంపియర్లదే. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది రా, అందుకే మిక్సీకి బాగానే ఉన్న వైరు స్టవ్‌కి వేస్తే మెత్తబడిపోతుంది.

వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అని (పీవీసీ వైర్ల ప్రమాణం నంబరు), సీఎం/ఎల్ అని ఒక లైసెన్సు నంబరు ఉండాలి. గుర్తు ఎవడైనా అచ్చేసుకోవచ్చు కాబట్టి ఆ లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థది) కొట్టి చూడు, కంపెనీ పేరు, వస్తువు రెండూ కలవాలి.

ఇక ఎర్త్, నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. షాపు పెట్టిన కొత్తలో ఒకావిడ గ్రైండర్‌కి త్రీపిన్ వైరు మార్చి పంపాను, వారం తిరక్కుండా ఆవిడ వచ్చి బాడీ ముట్టుకుంటే జిల్లుమంటోంది అంది, విప్పి చూస్తే టాప్‌కి మూడు పిన్నులున్నాయి గానీ వైర్లో తీగలు రెండే, పెద్ద పిన్ను ఊరికే అలంకారానికి! ఆవిడకేమన్నా అయ్యుంటే? అప్పట్నుంచి వైరు బిగించాక మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ఎర్త్ పిన్ను నుంచి మెటల్ బాడీకి బీప్ వస్తోందో లేదో చూడందే బయటికి పంపలేదు. కొన్ని ఫోన్ ఛార్జర్లకి ప్లాస్టిక్ ఎర్త్ పిన్ను ఉంటుంది, చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి ఎర్త్ అక్కర్లేదు, అది వేరే సంగతి.

ఐరన్ బాక్స్‌కి మాత్రం మామూలు పీవీసీ (ప్లాస్టిక్ తొడుగు) వైరు వేయకు, ఎంత మంచిదైనా సరే. మామూలు పీవీసీ 70 డిగ్రీల వరకే, పొరపాటున వేడి పళ్ళేనికి తగిలిందా కరిగి తీగ బయటపడుతుంది, గుడ్డ అల్లిక ఉన్న వైరే వేయి.

వైరు వేడెక్కుతోంది అని ఎవరైనా తెస్తే వెంటనే కొత్తది అంటగట్టకు. పొడుగునా వేడెక్కితే రాగి చాల్లేదని, టాప్ దగ్గర మాత్రమే కాలుతుంటే చాలాసార్లు వాళ్ళింటి సాకెట్ లూజని, అప్పుడు నువ్వు ఎన్ని వైర్లు మార్చినా మళ్ళీ నీ దగ్గరికే వస్తారు, తిట్టుకుంటూ. బాడీలోకి దూరే చోట రబ్బరు బుష్ లేకపోతే అక్కడే తెగుతుంది, అది పది రూపాయల బేరం, మానకు.

ఆదివారం అత్తయ్య మీ ఊరు వస్తోంది. ఆ కట్టలోంచి జానెడు ముక్క కోసి తన చేతికివ్వు, నేను చూసి చెప్పేదాకా వాడికి అడ్వాన్సు ఇవ్వకు.

మీ మావయ్య