నాలుగేళ్ల బాబుకు పొద్దున్నే కళ్లు ఉబ్బుతున్నాయి, మూత్రంలో నురగ వస్తోంది: ఇది కిడ్నీ జబ్బు కావచ్చా?

మీ బాబుకు 10 రోజులుగా నిద్ర లేవగానే కనురెప్పలు ఉబ్బుతున్నాయని, అలర్జీ అనుకుని వేసిన చుక్కల మందుతో తగ్గలేదని, స్టెరాయిడ్ వాడమంటారేమోనని భయంగా ఉందని రాశారు. పరీక్ష చేయనిదే జబ్బు పేరు ఎవరూ చెప్పలేరు గానీ, మూత్ర పరీక్షను మాత్రం దయచేసి వాయిదా వేయకండి.

మా పాపకు మూడున్నరేళ్ల వయసులో సరిగ్గా ఇలాగే మొదలైంది. సాయంత్రానికి కళ్ల వాపు తీసేది, కానీ మేజోళ్లు విప్పితే చీలమండల చుట్టూ గాడి పడి ఉండేది. బొటనవేలితో నొక్కిన చోట సొట్ట చాలాసేపు అలాగే నిలిచేది. మేమూ మూడు వారాలు అలర్జీ మందులే వాడాం. బరువు పెరుగుతుంటే ఒళ్లు చేస్తోందని సంతోషించాం కూడా. అది ఒంటికి పట్టిన నీరు.

చివరికి పరీక్షలు చేయిస్తే పాప మూత్రంలో ప్రోటీన్ 4+ (అంటే చాలా ఎక్కువ) ఉంది, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా పడిపోయింది, కొలెస్ట్రాల్ పెరిగింది. దీనిని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అంటారు. కిడ్నీలోని వడపోత పొర రక్తంలో ఉండవలసిన ప్రోటీన్‌ను మూత్రంలోకి వదిలేయడం వల్ల, రక్తనాళాల్లో ఉండవలసిన నీరు బయటికి చేరి వాపు వస్తుంది. పదిమంది పిల్లల్లో ఎనిమిది మందికి పైగా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో అదుపులోకి వస్తారు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాముల లెక్కన నాలుగు నుంచి ఆరు వారాలు ఇచ్చి, ఆ తరువాత రోజు విడిచి రోజు ఇస్తారు. ముఖం గుండ్రంగా అవుతుంది, ఆకలి, మొండితనం పెరుగుతాయి; అవి చూసి మందు మీరే ఆపేయకూడదు. శరీరం తన సొంత స్టెరాయిడ్‌ను తయారు చేసుకోవడం తగ్గించి ఉంటుంది కనుక, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం.

మాకు 11వ రోజున ప్రోటీన్ పూర్తిగా పోయింది, నాలుగు నెలలకు జలుబుతో పాటే తిరగబెట్టింది. సగానికి పైగా పిల్లల్లో ఇలా తిరగబెడుతుంది, కాబట్టి అది మీ పెంపకంలో లోపం కాదు. నా మటుకు నాకు అన్నిటికంటే ఆసరాగా నిలిచింది ఒక నోటు పుస్తకం. రోజూ పొద్దుటి తొలి మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్ (రంగు మారే పరీక్ష పట్టీ) ముంచి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి, పసుపు గడి ఆకుపచ్చకు తిరిగిందేమో చూసి, ఆ అంకె, బరువు, మందు మోతాదు రాసుకునేవాళ్లం. వరుసగా మూడు రోజులు ప్రోటీన్ లేకపోయినా, ట్రేస్ (లేశమాత్రం) మాత్రమే ఉన్నా జబ్బు అదుపులో ఉన్నట్టు. వరుసగా మూడు రోజులు 3+ గానీ అంతకు మించి గానీ వస్తే తిరగబెట్టినట్టు. రెండోసారి ముఖం ఉబ్బక ముందే మేము డాక్టరును కలవగలిగాం.

జ్వరంతో కడుపునొప్పి వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, ఆయాసపడినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా ఇవ్వవద్దు. టీకాలు వేయించే ముందు స్టెరాయిడ్ సంగతి తప్పక చెప్పండి, ఎక్కువ మోతాదు నడుస్తున్నప్పుడు కొన్ని టీకాలు వేయరు. గొంతునొప్పి వచ్చిన వారం, రెండు వారాలకు మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారితే అది వేరే రకం కిడ్నీ వాపు కావచ్చు, దానిలో బీపీ పెరుగుతుంది.

రేపు బాబు తొలి మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టుకువెళ్లండి. బీపీ కూడా చూడమని, పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీతోనే చూడమని అడగండి.