ఇల్లు – నీరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మల్కాజిగిరిలో మాది పాతికేళ్ల కిందట కట్టిన రెండంతస్తుల ఇల్లు. ఇదివరకు రోజుకు ఒకసారి మోటారు వేస్తే సరిపోయేది. రెండు నెలలుగా రెండుసార్లు వేయవలసి వస్తోంది. నీరు కారుతున్నట్టు ఎక్కడా కనిపించదు, బిల్లూ పెరగలేదు. పై బాత్రూమ్ కింద ఉన్న గది గోడకు మాత్రం చెమ్మ పట్టింది. టైల్సన్నీ తీయాలని ప్లంబరు అంటున్నారు. తీయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. లీకు ఏ భాగంలో ఉందో తేలకముందే పలుగు పట్టిస్తే దుమ్మూ ఖర్చూ తప్ప ఏమీ దక్కకపోవచ్చు.

కుళాయిలన్నీ కట్టేసి మీటరు తిరుగుతోందేమో చూడమని చాలామంది సలహా ఇస్తారు. మన హైదరాబాద్‌లో ఆ పరీక్ష సగం కూడా పనికిరాదు. జలమండలి నీరు మీటరు దాటి సంపులో పడుతుంది, అక్కడి నుంచి మోటారు ద్వారా ట్యాంకుకు ఎక్కి కుళాయిలకు దిగుతుంది కనుక, సంపు తరువాత ఎంత నీరు పోయినా మీటరు దాన్ని నేరుగా పట్టించదు. పైగా 2021 జనవరిలో మొదలైన నెలకు 20 వేల లీటర్ల ఉచిత పథకంలో మీ కనెక్షన్ ఉంటే, ఆ హద్దు దాటేదాకా బిల్లు కూడా ఏమీ చెప్పదు.

మోటారు రెండుసార్లు వేయవలసి వస్తోందన్న మాటలోనే సగం సమాధానం ఉంది. సంపు కారితే సంపు త్వరగా ఖాళీ అవుతుందే గాని ట్యాంకు కాదు. కాబట్టి సంపును ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. ట్యాంకు నిండడానికి మునుపటికంటే ఎక్కువ సమయం పడుతోందా అన్నది ముందు చూడండి. పడుతుంటే తప్పు మోటారులోనో, పైకి వెళ్లే పైపులోనో ఉంటుంది. అదే సమయంలో నిండుతుంటే, ఒక రాత్రి ట్యాంకు నింపి, కిందికి వచ్చే గేట్ వాల్వు కట్టేసి, నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. పాత వాల్వులు పూర్తిగా మూసుకోవు. ఒక కుళాయి తెరిచి, పైపులోని నీరంతా పోయాక ధార ఆగిందో లేదో నిర్ధారించుకోండి. తెల్లవారేసరికి మట్టం తగ్గితే ట్యాంకుదో, దాని జాయింట్లదో లోపం. తగ్గకపోతే మరునాటి రాత్రి వాల్వు తెరిచి, ఎవరూ నీరు వాడకుండా ఇదే పరీక్ష చేయండి. ఒక మీటరు (100 సెంటీమీటర్ల) వ్యాసమున్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు తగ్గినా దాదాపు 8 లీటర్లు పోయినట్టే.

రెండో రాత్రి మాత్రమే తగ్గితే, గోడ కంటే ముందు ఫ్లష్ ట్యాంకును అనుమానించండి. వాషరు అరిగితే నీరు చప్పుడు లేకుండా కమోడ్‌లోకి జారిపోతూనే ఉంటుంది. ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉంచితే, కమోడ్‌లో రంగు కనిపించడమో కనిపించకపోవడమో తేలిపోతుంది. రంగు దిగకపోతే మిగతా యాంగిల్ కాక్‌లను (గోడలోంచి వచ్చే పైపుకు ఉండే చిన్న వాల్వులను) ఒక్కో రాత్రి ఒక్కొక్కటి చొప్పున మూసి చూడండి.

గోడ చెమ్మకు, ట్యాంకు తగ్గడానికి ఒకే కారణం ఉండాలని లేదు. చెమ్మ అంచున పెన్సిల్‌తో గీత గీసి, ఒక వారం పై బాత్రూమ్ వాడకం ఆపండి. ట్యాంకు వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. నీటి పైపులో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, లీకు అందులో ఉంటే చెమ్మ తగ్గదు. ఆరుతూ వస్తే దోషం నహానీ ట్రాప్‌దో (బాత్రూమ్ నేలలో నీరు బయటికి పోయే జాలీ కింది అమరిక), టైల్సు సందులదో. సందులు నింపితేనే సరిపోవచ్చు. తగ్గకపోతే టైల్సు తీసేముందు పైపుకు ప్రెషర్ టెస్ట్ (పైపులో ఒత్తిడి పెంచి, అది తగ్గుతోందేమో చూసే పరీక్ష) చేయమని ప్లంబరును అడగండి. ఆ మాటకు ముఖం చిట్లించేవారికి పని అప్పగించకండి.

ప్రశ్న: వానలు పడితే, జలమండలి నీరు రాని రోజున కూడా మా సంపులో మట్టం పెరుగుతోంది. ఇది లాభమే కదా?

జవాబు: లాభం కాదు, ప్రమాదం. మూత సందు నుంచి వాన నీరు దిగకపోతే, గోడల పగుళ్ల గుండా బయటి నీరు లోపలికి వస్తోందన్నమాట. దగ్గరలో డ్రైనేజీ ఉంటే ఆ మురుగు కూడా అందులో కలవవచ్చు. ఆ నీటిని తాగడానికి, వంటకు వెంటనే ఆపండి. సంపు ఖాళీ చేయించి, పగుళ్లు పూడ్పించి, లోపలి గోడలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, క్లోరిన్‌తో శుభ్రం చేశాకే మళ్లీ నింపండి. రోడ్డు మీది జలమండలి పైపే కారుతుంటే 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.