కోడి విలువ ఆరువందలు

అమ్మాయ్,

కోడిపుంజు దొంగతనం మీద నువ్వు రాసిన హాస్య నవల చదివాను. ఫోన్లో చదువుకోమని పంపావు గానీ నా కళ్ళకి ఆ తెర పడదు, మా వీధి చివర జిరాక్సు షాపులో పేజీ రెండు రూపాయలకి తీయించుకున్నాను. 186 పేజీలు. లెక్క నువ్వే వేసుకో.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. నీ పాత్రలు పగలబడి, పడీ పడీ, పొట్ట చెక్కలయ్యేలా నవ్విన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వెళ్ళాను. 63 గీతలు తేలాయి. నేను నవ్వింది ఒక్కసారే, 41వ పేజీలో. ఆ ఒక్క పేజీ లేకపోతే "బాగుంది, కొనసాగించండి" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవాణ్ణి, అలాంటివి నెలకి పది రాస్తాను.

41వ పేజీ నీకు గుర్తుండే ఉంటుంది, అయినా నా మాటల్లో మళ్ళీ చెప్తాను. భోగి ఇంకా మూడు రోజులుంది. ఎమ్మెల్యే గారి బామ్మర్ది పోలీస్ స్టేషన్‌కి వచ్చి కోడిపుంజు పోయిందంటాడు. రైటర్ కాగితం తీసి "ఏం రకమండీ" అని అడుగుతాడు. "కాకి డేగ." రైటర్ తీరిగ్గా "నలుపు, ఎరుపు ఈకలు గల నాటుకోడి పుంజు ఒకటి" అని రాసుకుంటాడు. "విలువ?" బామ్మర్ది చుట్టూ చూసి గొంతు తగ్గించి "రెండు లక్షలు" అంటాడు. రైటర్ కలం కింద పెట్టేసి, తన వెనక గోడ మీద కోడిపందేలు నేరమని రాసున్న పోస్టరు ఆయనకి కనబడేలా కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటాడు. "ఆలోచించుకుని చెప్పండి." చాలాసేపు ఫ్యాను చప్పుడు. "ఆరువందలు" అంటాడు బామ్మర్ది, అని కండువాతో కళ్ళు ఒత్తుకుంటాడు.

ఇంత రాసిన దానివి, ఆ కింద ఏం రాశావు? "అది చూసి కానిస్టేబుల్ లంచాల లక్ష్మయ్య కితకితలు పెట్టినట్టు నవ్వాడు." అది చదివాక నీ నవల కింద పెట్టేసి కాసేపు వరండాలో పచార్లు చేశాను. పులిహోర చక్కగా కలిపి, ఆఖర్న దాని మీద పంచదార చల్లినట్టుంది. ఇంటిపేరే లంచాల అని పెట్టేశాక అతను లంచం పుచ్చుకుంటే అందులో వింతేముంది, పుచ్చుకోకపోతే కదా కథ!

నా పిచ్చి ఏమిటో నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు, నువ్వూ వినేయ్. నవ్వు మాటల్లో ఉండదు, రూల్లో ఉంటుంది. ఎక్కడో ఒక నియమం ఉంటుంది, దాన్ని అందరూ ప్రాణం పెట్టి పాటిస్తూ ఉంటారు. ఆ పాటించడం వల్లే వాళ్ళ బతుకు తలకిందులవుతుంది. అందులో ఉన్నవాడెవడికీ నవ్వు రాదు, టెన్షన్‌తో చచ్చిపోతూ ఉంటాడు. నవ్వేది చదివేవాడొక్కడే. బారిస్టర్ పార్వతీశం మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని పెట్టుకున్నది మనల్ని నవ్వించడానికి కాదు, దొరలా కనబడాలని మనసారా నమ్మి పెట్టుకున్నాడు.

నీ కోడి దగ్గరికే వద్దాం. ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ సెక్షన్ 379 అని వేశావు. 2024 జూలై 1 నుంచి అది లేదు, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303 కింద వస్తుంది. నెంబరు తప్పు రాశావని కాదు నా బాధ, ఆ కొత్త సెక్షన్ ఒక్కసారి తీసి చదివుంటే నీ నవల మొత్తం దానంతటదే నడిచిపోయేది. పోయిన వస్తువు విలువ ఐదు వేల లోపుంటే, మొదటిసారి దొరికిన దొంగ దాన్ని తిరిగి ఇచ్చేస్తే, జైలు లేదు, సమాజ సేవ చేయిస్తారు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఐదు వేల లోపు దొంగతనానికి పోలీసులు తమంతట తాము కేసు కట్టకూడదు, మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. చూశావా? ఆరువందలు అని రాస్తే స్టేషన్ కదలదు. ఐదు వేలు దాటించి రాస్తే, కోడికి అంత ధరేమిటని ఎస్సై అడగాలి. అడిగితే పందెంకోడని తేలి, 1974 నాటి గేమింగ్ చట్టం, 1960 నాటి జంతుహింస చట్టం రెండూ లేచి కూర్చుంటాయి. నీ బామ్మర్ది కోడి కావాలంటే తనమీద తనే ఫిర్యాదు చేసుకోవాలి. రైటరూ, ఎస్సైగారూ, బామ్మర్దీ ముగ్గురూ కూర్చుని, 5,001 కన్నా ఎక్కువా రెండు లక్షల కన్నా చాలా తక్కువా అయి కూర కోసమే అని నమ్మించగల ధర ఒకటి వెతుక్కుంటారు చూడు, అది రాయి. ఒక్క జోకు వెయ్యకు. నేను హామీ.

కోడి దొరికాక కథ అయిపోయిందనుకున్నావు, దాన్ని పులుసు పెట్టించేశావు. దొరికిన కోడిని కోర్టు చెప్పేదాకా ఎవరు మేపాలి? 2021లో జగిత్యాల జిల్లా గొల్లపల్లి స్టేషన్లో నిజంగానే ఒక పుంజుని ఉంచి గింజలు వేశారు. అక్కడ కోడి కాలి కత్తి తగిలి మనిషి ప్రాణం పోయింది కాబట్టి దాన్ని నవ్వులాటకి వాడకు, ఆ హద్దు కూడా తెలిసుండాలి. కరీంనగర్‌ది మాత్రం నీకు పనికొస్తుంది. 2024 జనవరిలో బస్సులో ఎవరో మరిచిపోయిన పుంజుని ఆర్టీసీ డిపో వాళ్ళు వేలం వేస్తామని నోటీసిచ్చారు. మరిచిపోయిన సామాను కదా, మరి వేలమే.

ఇక్కడ నా పాము సంగతి చెప్పకుండా ఉండలేను. నేను ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో రికార్డు రూములోకి తాచు దూరింది. పాములవాణ్ణి పిలిచి పట్టించాం, యాభై రూపాయలిచ్చాం. ఆ యాభై ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలీదు. పెద్ద గుమాస్తా గారు వారం ఆలోచించి "కంటింజెన్సీ, ఒక పామును పట్టినందుకు" అని అనుకోని ఖర్చుల పద్దులో రాశారు. ఏడాది తర్వాత ఆడిట్ వచ్చింది, అభ్యంతరం రాశారు: సదరు పామును ఏమి చేసితిరి, స్టాకు రిజిస్టరులో ఏల ఎక్కించలేదు? దానికి జవాబు రాయడానికి మా ఆఫీసంతా నాలుగు రోజులు కూర్చుంది. వదిలేశామంటే ప్రభుత్వ ఆస్తిని ఎవరి ఆర్డరుతో వదిలారంటారు, చంపామంటే ఇంకో గొడవ.

జరిగింది జరిగినట్టు కథ రాసి ఒక వారపత్రికకి పంపాను. పేరు చెప్పను, ఇప్పుడది లేదు, ఆ ఎడిటరూ లేడు. "హాస్యం పలచగా ఉంది, నాలుగైదు జోకులు చేర్చి పంపగలరు" అని కార్డు వచ్చింది. కుర్రతనం, అచ్చులో పేరు చూసుకోవాలన్న యావ, చేర్చాను. పెద్ద గుమాస్తాకి నత్తి పెట్టాను, ఆడిటర్‌కి బట్టతల పెట్టాను, సిగ్గుచేటు. ఉగాది హాస్య ప్రత్యేక సంచికలో వేశారు. (హాస్యం వాళ్ళకి ఉగాది పచ్చడిలాంటిది, ఏడాదికొకసారి చెంచాడు.) బొమ్మలాయన అందరికీ గుమ్మడికాయంత ముక్కులు, బయటికొచ్చిన పళ్ళు వేశాడు, చదవకముందే ఇది నవ్వాల్సిన కథ అని చాటింపు వేసినట్టు. మా ఆఫీసు అటెండరు చదివి, "అయ్యా, పాము సంగతి వదిలేసి మధ్యలో ఈ మాటలెందుకు రాసేరండీ" అన్నాడు. నలభై ఏళ్ళలో నా కథల మీద వచ్చిన విమర్శల్లో అదొక్కటే నాకు పనికొచ్చింది. పుస్తకంలో వేసుకున్నప్పుడు జోకులన్నీ పీకేశాను.

ఆ ఎడిటర్లు పోయారు, వాళ్ళ బదులు ఇప్పుడు పంచ్ డైలాగులొచ్చాయి. టీవీ స్కిట్లలో వెనక నుంచి నవ్వు కూడా వాళ్ళే వేసేస్తున్నారు, నీ పాత్రల నవ్వులు అక్కణ్ణుంచే పట్టుకొచ్చావని నా అనుమానం. పోటీలకి పంపితేనో, "సామాజిక ప్రయోజనం" అనే గడి ఒకటుంటుంది, అక్కడ మనకి సున్నా. రావిశాస్త్రి సారా కథల్లో ఉన్నంత సామాజిక ప్రయోజనం ఏ ఏడుపు కథలో ఉందో నాకైతే తెలీదు. ఆయన విశాఖపట్నంలో ప్లీడరు, మద్యనిషేధం కేసులు రోజూ కళ్ళముందు నడిచేవి, చట్టం ఏం చెప్తుందో, దాని చాటున ఏం నడుస్తుందో రెండూ తెలుసు. నవ్వు అక్కణ్ణుంచి వచ్చింది.

రాజకీయ వ్యంగ్యం దగ్గర నువ్వు మరీ తేలిపోయావు. ఎమ్మెల్యేకి దోపిడి దానయ్య అని పేరు పెట్టి పన్నెండు పేజీలు తిట్టావు. కుళాయి దగ్గర మా వీధివాళ్ళు నీకన్నా బాగా తిడతారు. రూలు చూడమన్నాను కదా. 1967లో హర్యానాలో ఒకాయన పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు, ఆయారాం గయారాం అన్న మాట అప్పుడు పుట్టింది. దాన్ని ఆపాలని 1985లో చట్టం తెచ్చారు. ఒక్కడు గోడ దూకితే ఫిరాయింపు, పదవి ఊడుతుంది. మూడోవంతు మంది కలిసి దూకితే అది చీలిక, తప్పులేదు. చిల్లరగా చేస్తే నేరం, టోకున చేస్తే సిద్ధాంతం! 2003లో ఆ మూడోవంతు తీసేశారు, మూడింట రెండొంతులు కలిసి విలీనమైతే మాత్రం ఇప్పటికీ పదవి భద్రం. ఇందులో నువ్వు కల్పించాల్సింది ఏముంది? ఉత్తరప్రదేశ్‌లో 2014లో ఒక మంత్రిగారి గేదెలు ఏడు పోతే పోలీసులు జాగిలాలతో వెతికారు. అది నువ్వు నవలలో రాసుంటే అతిశయోక్తి అని నేనే కొట్టేసేవాణ్ణి.

నీకు తెలియకుండానే ఇంకో మంచి పని చేశావు, చెప్పకపోతే పాపం. 23వ పేజీలో బామ్మర్ది కోడిని చీకటి గదిలో పెట్టి బాదంపప్పు మేపుతున్నాడు. 97వ పేజీలో ఎమ్మెల్యేని పార్టీవాళ్ళు రిసార్టులో పెట్టారు, ఫోన్లు లాక్కున్నారు, ప్లేట్లో జీడిపప్పు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ పార్టీ ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచిన రోజులు చూసినవాణ్ణి కాబట్టి నాకు చప్పున తగిలింది. ఆ రెండు ఘట్టాలూ పక్కపక్క అధ్యాయాల్లోకి జరుపు. జరిపి ఊరుకో. "ఇద్దరూ ఒకటే" అని నీ డిటెక్టివ్ చేత అనిపించావంటే రాతప్రతి చించి పారేస్తాను.

ఆ డిటెక్టివ్ టైలరు బాగున్నాడు, చేతిలో టేపు, చెవి మీద సుద్దముక్క. కానీ దొంగ నిద్రలో కలవరించి దొరికిపోవడం ఏమిటి? అద్దె పుస్తకాల షాపులో రోజుకో డిటెక్టివ్ యుగంధర్ నవల తెచ్చి దుప్పట్లో చదివిన తరం మాది, ఇలాంటివి మా దగ్గర చెల్లవు. సరదా నవలైనా నేరం నేరంలా ఉండాలి, ముడి ముడిలా విప్పాలి. 58వ పేజీలో, ఎన్నడూ పల్లీలు కూడా కొననివాడు కిరాణా కొట్లో అరకిలో బాదంపప్పు అప్పు రాయించుకున్నాడని జోకుగా రాసి మరిచిపోయావు. నీ దొంగ అక్కడే దొరికిపోయాడు తల్లీ!

నువ్వడిగిన ప్రశ్నలు ఐదో ఆరో ఉన్నాయి. గోదావరి యాస పెట్టొచ్చా అంటే పెట్టు, ప్రతి వాక్యం చివరా "ఆయ్" తగిలిస్తే మాత్రం అది యాస కాదు, ఎక్కిళ్ళు. కలం పేరు, పబ్లిషరు, వెబ్ సిరీసు, వాటి సంగతి నాకు తెలీదు, తెలిసినా ఇప్పుడు చెప్పను.

గీతలు పెట్టిన కాగితాలు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. 41వ పేజీ అందులో ఉండదు, నా దగ్గర ఉంచుకున్నాను. సంక్రాంతికి ఊరొస్తే, ఆ 5,001 దగ్గర వాళ్ళు ఎక్కడ తేల్చారో రాసి పట్టుకురా.